కారు ధర కన్నా ముందు, కొన్న మర్నాడు బ్యాంకులో ఎంత మిగులుతుందో చూడండి

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తాగా పనిచేస్తున్నాను. నా జీతం 32,000 రూపాయలు. నా భార్య ప్రైవేటు బడిలో టీచరు, ఆమెకు 14,000 వస్తుంది. ఇద్దరు పిల్లలు, మా అమ్మ మాతోనే ఉంటారు. అద్దె, ఫీజులతో కలిపి ఇంటి ఖర్చు నెలకు 33,000. మోకాళ్ల నొప్పులతో అమ్మ స్కూటరు ఎక్కలేకపోతోంది కాబట్టి సెకండ్ హ్యాండ్ కారు కొనాలనుకున్నాము. విజయవాడలో ఒక బ్రోకరు 2017 నాటి డిజైర్ డీజిల్ బండిని 5,20,000కు ఇస్తానన్నాడు. తెలంగాణ రిజిస్ట్రేషన్, 95,000 కిలోమీటర్లు తిరిగింది. 10,000 బయానా ఇచ్చాను. బ్యాంకులో ఉన్న 3,30,000 మొత్తం తీసి, తక్కువ పడే 1,80,000 తెలిసినవారి దగ్గర రెండు రూపాయల వడ్డీకి నోటు రాసి తెద్దామని ఆలోచన. మా వీధిలో ఒకరు అమ్ముతున్న 2016 నాటి వ్యాగనార్ పెట్రోలు బండి 2,60,000కు చాలునని నా భార్య అంటోంది. రెండింటిలో ఏది నమ్మకమైన బండి?

జవాబు: మీరు బండి గురించి అడిగారు గానీ, మీ లేఖలో నన్ను కలవరపెట్టింది బండి కాదు. ఉన్న డబ్బంతా తీసి ఇస్తానన్న మాట. పాత కారు కొనేవారిలో చాలామంది చేసే పొరపాటు ఇదే కాబట్టి మీకు కాస్త వివరంగానే జవాబు రాస్తున్నాను. బండి ధర ఎంత అని అందరూ చూస్తారు, పది చోట్ల బేరమాడతారు. బండి ఇంటికి వచ్చిన మర్నాడు బ్యాంకు ఖాతాలో ఎంత మిగులుతుంది అన్నది మాత్రం లెక్కలోకి రాదు. మీ విషయంలో ఆ మిగులు సున్నా, పైగా నెత్తిన 1,80,000 అప్పు.

అమ్మగారి మోకాళ్ల కోసమే కారు కొంటున్నామని మీరు రాశారు. అదే మోకాళ్లకు రేపు డాక్టరు శస్త్రచికిత్స చేయాలంటే డబ్బు ఎక్కడి నుంచి తెస్తారు? ఆరోగ్య బీమా ఉన్నట్టు మీ లేఖలో ఎక్కడా లేదు. ఈ రోజు పాలసీ తీసుకున్నా, ముందునుంచీ ఉన్న జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్ల నిరీక్షణ కాలం పెట్టుకునే వీలు కంపెనీలకు ఉంది, కీళ్ల మార్పిడి వంటి చికిత్సలకు కూడా చాలా పాలసీల్లో ఇలాంటి నిబంధన ఉంటుంది. అంటే రాబోయే రెండు మూడేళ్లలో ఆ ఖర్చు వస్తే అది మీ జేబులోంచే పోవాలి. ఆమెను కూర్చోబెట్టి ఆసుపత్రికి తీసుకువెళ్లడానికి బండి ఉండి, ఆసుపత్రిలో కట్టడానికి డబ్బు లేని పరిస్థితిని మీరు మీ చేతులతో కొని తెచ్చుకుంటున్నారు.

మీ ఇద్దరి ఆదాయాలూ అంత నిలకడైనవి కావు. వేసవిలో యార్డుకు సెలవులిస్తారు, ఆ రోజుల్లో కొట్టు యజమాని జీతం విషయంలో ఎలా ఉంటారో మీకే తెలియాలి. ప్రైవేటు బడుల్లో కొన్ని వేసవి జీతం ఇవ్వవు. సరిగ్గా ఆ తర్వాతి నెలలోనే పిల్లల ఫీజులు, పుస్తకాలు, యూనిఫారాలు వచ్చిపడతాయి. అందువల్ల మీ ఇంటికి కనీసం ఆరు నెలల ఖర్చు, అంటే 33,000 చొప్పున సుమారు 2,00,000 రూపాయలు, ఎవరు ఏ అవసరం చెప్పినా కదల్చని నిధిగా ఉండాలి. ఇది కారు డబ్బు కాదు, పండుగ డబ్బు కాదు, చీటీ పాటలో పెట్టే డబ్బు కూడా కాదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోగలిగేలా వేరే ఖాతాలో ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా ఉంచి, ఆ సంగతి మీ భార్యకు తప్ప మరెవరికీ చెప్పకండి. తెలిస్తే చేబదులు అడిగేవారు తప్పకుండా వస్తారు.

ఆ 2,00,000 పక్కన పెట్టాక, మీ ఇద్దరికీ, పిల్లలకూ కలిపి ఆరోగ్య బీమా తీసుకోవడానికి 20,000 దాకా తీసిపెట్టండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య బీమా ప్రీమియంపై జీఎస్టీ తీసేశారు కనుక ఇంకా వాయిదా వేయడానికి కారణం లేదు. అమ్మగారికి విడిగా పాలసీ చూడండి, ప్రభుత్వ వైద్యసేవ పథకంలో మీ కుటుంబానికి అర్హత ఉందేమో వార్డు సచివాలయంలో ఈ వారమే కనుక్కోండి. ఇవి పోను మిగిలేది 1,10,000. ఈ రోజుకు మీ కారు బడ్జెట్ అంతే.

ఇక అప్పు సంగతి. రెండు రూపాయల వడ్డీ అంటే వినడానికి చిన్నగా ఉంటుంది గానీ, అది ఏడాదికి నూటికి 24 రూపాయలు. 1,80,000కు నెలకు 3,600 వడ్డీ కట్టాలి, మూడేళ్లలో వడ్డీ కిందే 1,29,600 పోతుంది, అసలు మాత్రం అలాగే ఉంటుంది. మీకు ఇప్పుడు నెలకు 13,000 మిగులుతోంది. నెలకు 500 కిలోమీటర్లు తిరిగినా, లీటరు 110 రూపాయలు, మైలేజి 16 కిలోమీటర్లు అనుకుంటే పెట్రోలుకు 3,400 పైచిలుకు అవుతుంది. బీమా, సర్వీసు, టైర్లు, చిల్లర మరమ్మతులకు ఏడాదికి 27,000 అనుకుంటే నెలకు మరో 2,250. డీజిల్ బండికి ఇంధనం కాస్త కలిసివచ్చినా మరమ్మతు మొదలైతే ఆ ఆదా అక్కడే పోతుంది. ఇవన్నీ, పైన వడ్డీ తీసేస్తే మీ చేతిలో నిలిచేది 3,700 దాకా. దాన్ని పైసా వాడకుండా కూడబెట్టినా అసలు తీర్చడానికి నాలుగేళ్లు పడుతుంది. నోటుకు కాలపరిమితి మూడేళ్లు, గడువు దగ్గరపడగానే బాకీ పడిన వడ్డీని అసలులో కలిపి నోటు తిరగరాయించుకునే అలవాటు మన జిల్లాల్లో ఎంత మామూలో మీకు తెలియనిది కాదు. ఒక వస్తువు కోసం, అదీ ఏటికేడు విలువ తగ్గిపోయే వస్తువు కోసం, ఈ అప్పు చేయడాన్ని నేను ఏ విధంగానూ సమర్థించలేను.

బ్రోకరు ఫైనాన్స్ ఇప్పిస్తానంటే దానికీ తొందరపడకండి. తొమ్మిది శాతమే అని చెప్పి ఫ్లాట్ రేటులో, అంటే తీరుతున్న అసలును తగ్గించకుండా మొదటి మొత్తం మీదే చివరిదాకా, లెక్క కడతారు. 3,00,000 అప్పుకు నాలుగేళ్లకు నెలకు 8,500 కట్టించే ఆ తొమ్మిది శాతం, తరిగే అసలు మీద లెక్కిస్తే దాదాపు 16 శాతం. అప్పు తప్పదనుకున్న రోజున బ్యాంకులో 13 శాతం దగ్గర, మూడేళ్లకు, 1,50,000కు మించకుండా తీసుకుంటే వాయిదా 5,050 వరకు పడుతుంది, మొత్తం వడ్డీ సుమారు 32,000. రెండు రూపాయల వడ్డీకి అదే మొత్తం తెస్తే మూడేళ్లకు 1,08,000 వడ్డీ కట్టి, అసలు ఇంకా బాకీ ఉంటారు. బంగారం తాకట్టు గురించి మీరు అడగలేదు, నేనూ సూచించను.

నా సలహా ఒక ఏడాది ఆగమని. అమ్మగారి ఆసుపత్రి ప్రయాణాలకు క్యాబ్ పిలిపించుకోండి, దానికి నెలకు 1,500 పోయినా 11,500 మిగులుతుంది. పన్నెండు నెలల్లో 1,38,000, ఇప్పటి 1,10,000తో కలిపి 2,48,000 అవుతుంది. నిధిని ముట్టుకోకుండా, ఎవరి దగ్గరా నోటు రాయకుండా, 2,15,000 వరకు బండి కొని మిగతాది పేరు మార్పిడికి, బీమాకు, టైర్లకు ఉంచుకోవచ్చు. ఈలోగా ఇదే వ్యాగనార్ వంటి బండ్లు ఇంకో ఏడాది పాతబడి కొంత దిగివస్తాయి కూడా.

ఇప్పుడు మీరు అడిగిన ప్రశ్నకు వస్తాను. మీ అవసరానికి మీ భార్య చెప్పిన రకం బండే సరైనది. నెలకు 500 కిలోమీటర్లు తిరిగే ఇంటికి డీజిల్ బండి అక్కర్లేదు. 2020 ఏప్రిల్లో బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చినప్పుడే మారుతీ డీజిల్ కార్ల తయారీ ఆపేసింది. డీజిల్ ఇంజిన్‌లో ఇంజెక్టర్లు, టర్బో వంటివి పాడైతే ఒక్క మరమ్మతుకే మీ నెల జీతం చాలకపోవచ్చు. చిన్న పెట్రోలు బండ్లలో ఆల్టో, వ్యాగనార్, సెలెరియో, ఐ10, శాంత్రో లాంటివైతే ఆటోనగర్‌లో ఏ మెకానిక్కు చూపినా పని తెలుసు, సామాను దొరుకుతుంది. తక్కువకే వస్తున్నాయని షెవర్లే, డాట్సన్ బండ్ల వైపు వెళ్లకండి, ఆ రెండూ మన దేశంలో అమ్మకాలు ఆపేశాయి. ఒక్క విషయంలో మాత్రం వెనక్కి తగ్గవద్దు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లకు ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు), జూలై నుంచి డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి చేశారు. అంతకు ముందటి బండ్లలో చాలా రకాలకు ఇవి లేవు. మీరు చూసిన 2016 వ్యాగనార్‌లో ఉన్నాయో లేదో ముందు తెలుసుకోండి. లేకపోతే, ఏడాది తర్వాత 2019 చివరి నుంచి వచ్చిన ఆల్టో దొరుకుతుందేమో చూడమంటాను.

విజయవాడ బండి అనగానే నేను ఇంకో సంగతి అడుగుతాను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగినప్పుడు ఎన్నో కార్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. వాటిలో కొన్ని కడిగి, పాలిష్ పెట్టి, మళ్లీ అమ్మకానికి వచ్చాయి. సీటు బెల్టును చివరి దాకా లాగి చూడండి, లోపల బురద చార ఉంటే వదిలేయండి. కార్పెట్ ఎత్తి చూడండి, సీటు కింది పట్టాల మీద తుప్పు ఉందా, డిక్కీలో స్టెప్నీ గుంటలో ఒండ్రు ఉందా అన్నది గమనించండి. వరదలో మునిగిన బండికి ఇంజిన్ బాగుచేయించినా వైరింగు ఎప్పుడు మొరాయిస్తుందో ఎవరూ చెప్పలేరు.

ఆ వరద రోజుల్లోనే బీమా విలువ కూడా చాలామందికి తెలిసివచ్చింది. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉన్నవారికి సొంత బండి నష్టానికి ఒక్క రూపాయి రాలేదు, ఎందుకంటే ఆ పాలసీ ఉన్నది ఎదుటివారి నష్టానికి. నీళ్లు చేరిన ఇంజిన్‌ను స్టార్ట్ చేసి పాడుచేసుకున్నవారికి, ఇంజిన్ రక్షణ అదనంగా తీసుకోకపోతే, పూర్తి పాలసీ ఉన్నా ఆ భాగానికి ఇబ్బందే. చేతిలో నాలుగు నెలల ఖర్చు ఉన్నవారు అప్పటికి నిలదొక్కుకున్నారు. లేనివారు తడిసిన సామాను మధ్య నిలబడి వడ్డీకి తెచ్చారు. అందుకే పాత బండే కదా అని థర్డ్ పార్టీతో సరిపెట్టవద్దు. పాత యజమానికి ఉన్న నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు, అది ఆయనతోనే పోతుంది. పాలసీ మీ పేరుకు మార్చమని 14 రోజుల్లోగా కంపెనీకి దరఖాస్తు పెట్టాలి.

కాగితాల విషయంలో బ్రోకర్లు చెప్పే మాట ఒకటి ఉంటుంది: సంతకాలు చేసిన ఫారాలు ఇస్తాం, పేరు మార్పిడి తీరికగా చూసుకోండి అని. దానికి ఒప్పుకోకండి. పేరు మార్పిడికి పెట్టే ఫారం 29, 30 ఆర్టీవో కార్యాలయంలో చేరాక, మార్పిడి జరిగినట్టు కేంద్ర రవాణా శాఖ వెబ్‌సైటు పరివాహన్‌లో కనిపించాకే మిగతా డబ్బు ఇచ్చేలా రాతపూర్వకంగా ముందే ఒప్పందం చేసుకోండి. ఫైనాన్స్ మీద కొన్న బండి అయితే, ఆ అప్పు తీరినట్టు చూపే ఫారం 35, అభ్యంతరం లేదని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ రెండూ ఉండాలి. తెలంగాణ బండికి అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ బండి వయసును బట్టి జీవితకాల పన్ను కట్టాలి, నెంబరు మార్చుకోవాలి. ఆ ఖర్చును బ్రోకరు చెప్పిన ధరలో చేర్చలేదని మీ లేఖను బట్టి అర్థమవుతోంది. అంటే 5,20,000 కూడా అసలు ధర కాదు.

వ్యాగనార్ మీ వీధిలోనిదే కనుక, అమ్మేవారి సర్వీసు పుస్తకం ఒక్కసారి అడిగి తీసుకోండి, షోరూములో ఏ కిలోమీటరు దగ్గర ఏం చేశారో అందులో ఉంటుంది. ఇప్పుడు కొనకపోయినా, ఏడాది తర్వాత కొనబోయే బండిలో ఏం చూడాలో అది నేర్పుతుంది.

బయానా సంగతి. 10,000 తిరిగి ఇమ్మని మర్యాదగా అడగండి, బండికి ఎన్‌ఓసీ ఇంకా రాకపోతే అది అడగడానికి మంచి కారణమే. ఇవ్వకపోతే వదిలేయండి. అది మీరు చేయబోయిన అప్పుకు మూడు నెలల వడ్డీ కన్నా 800 రూపాయలు తక్కువ.