బండి సర్దే ముందు ఒకసారి కాటా ఎక్కించండి

ప్రశ్న: మా ఆయన పాత ట్రావెలర్ 3350 బండి ఒకటి కొని, సీట్లు కొన్ని పీకించి లోపల మంచం, స్టవ్, సింకు, ఫ్రిజ్, 200 లీటర్ల నీళ్ల ట్యాంకు పెట్టించి మోటార్‌హోమ్‌ లాగా చేయించారు. సంక్రాంతి సెలవుల్లో అత్తమ్మ, మామయ్య, పిల్లలతో కలిసి ఆరుగురం పీలేరు, మదనపల్లె మీదుగా హార్స్‌లీ హిల్స్ పోదామని ప్లాన్. ట్యాంకు, ఇన్వర్టర్ బ్యాటరీలు రెండూ బాగా వెనకాల ఉన్నాయి. మొన్న ట్యాంకు నింపి తిరుచానూరు దాకా పోయొస్తే స్టీరింగ్ తేలిపోతున్నట్టుంది అంటున్నారు. సామాన్లు ఎట్లా సర్దాలి? అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, దారిలో మంచం మీద పడుకోబెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, స్టీరింగ్ తేలిపోతోంది అన్న మాట చదవగానే నాకు భయమేసింది, సామాన్ల సంగతి తర్వాత, ముందు అది చూడాలి. మీ బండిలో ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం 3.35 మీటర్లు, మోడల్ పేరులో ఉన్న 3350 అదే. లీటరు నీళ్లంటే కిలో బరువు కాబట్టి నిండిన ట్యాంకులో నీళ్లే 200 కిలోలు, అది వెనక ఇరుసు దాటి ఇంకో 1.2 మీటర్ల అవతల ఉందనుకోండి, పిల్లలు ఆడే ఎగుడుదిగుడు బల్ల లాగా వెనక్కి దిగి ముందు భాగాన్ని పైకి లేపుతుంది, లెక్కేస్తే ముందు చక్రాల మీద 70 కిలోల దాకా బరువు తగ్గిపోయి వెనక చక్రాల మీద 270 పడుతుంది. ముందు చక్రాలు రోడ్డును గట్టిగా పట్టుకోకపోతే స్టీరింగ్ తేలుతుంది, బ్రేకు కూడా సరిగ్గా పట్టదు. బ్యాటరీల బరువు దీనికి అదనం. వీలైతే ట్యాంకును రెండు ఇరుసుల మధ్యకి మార్పించండి, బ్యాటరీలను దానికి ఎదురు పక్కన పెట్టిస్తే కుడి ఎడమలు కూడా సమానం అవుతాయి. ఈ సెలవులకి అంత టైం లేదంటే ట్యాంకులో పది ఇరవై లీటర్లు మాత్రం ఉంచుకుని కొండ మీద చేరాక నింపుకోండి. సగం మాత్రం నింపొద్దు, మలుపు తిరిగిన ప్రతిసారీ నీళ్లన్నీ ఒక పక్కకి పోయి బండిని లాగేస్తాయి.

తర్వాత పని కాటా. ఆర్సీలో రాసిన ఖాళీ బండి బరువు చూసి ఇంకా చాలా ఎక్కించొచ్చు అనుకోకండి, అది మీరు ప్లైవుడ్డు, ఇనప ఫ్రేములు పెట్టించక ముందు బరువు. డీజిల్ ఫుల్ చేసి, సామాన్లన్నీ పెట్టి, ఆరుగురూ ఎక్కి లారీలు తూచే వేబ్రిడ్జికి పోండి, ముందు చక్రాలు మాత్రం ఎక్కించి ఒక చీటీ, మొత్తం బండికి ఇంకో చీటీ తీసుకోండి, తీసేస్తే వెనకది తెలిసిపోతుంది. మొత్తం బరువు ఆర్సీలో ఉన్న గ్రాస్ వెయిట్ (మనుషులు, సామాన్లతో కలిపి బండి మోయదగ్గ గరిష్ఠ బరువు) దాటితే సామాన్లు దించాల్సిందే, వేరే దారి లేదు. అన్నట్టు, ఈ మార్పులు ఆర్టీఓ ఆఫీసులో ఆర్సీలోకి ఎక్కించారా? లేకపోతే రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర ఇబ్బంది పడతారు.

సర్దడం అంటారా, బరువైనవన్నీ కింద, రెండు ఇరుసుల మధ్య. బియ్యం, కుక్కర్, సంగటి గిన్నె, టూల్ బాక్స్ నేల మీద అరల్లో పెట్టి కదలకుండా బెల్టు కట్టండి. పై అరల్లో దుప్పట్లు, బట్టలు, బ్రెడ్డు, అంతే. నేను ఒకసారి పై అరలో ఇనప దోసె పెనం పెట్టాను, తలుపుకి ఉన్నది ఉత్త అయస్కాంతం గడియ, భాకరాపేట ఘాట్‌లో ఒక మలుపులో తలుపు తెరుచుకుని పెనం వచ్చి మా అక్క కూతురి సీటు పక్కన పడింది, పాప తలకి జానెడు దూరం. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తే. నొక్కితే గాని తెరుచుకోని గడియలు పెట్టించండి, ఫ్రిజ్ తలుపుకి కూడా.

అత్తమ్మగారిని బండి కదులుతున్నప్పుడు మంచం మీద పడుకోబెట్టొద్దమ్మా. గట్టిగా బ్రేకు వేస్తే పడుకున్న మనిషిని ఆపేది ఏమీ ఉండదు. బెల్టు ఉన్న సీట్లో కూర్చోబెట్టి కాళ్ల కింద పీట వేయండి, పీలేరులో ఒకసారి, మదనపల్లెలో ఒకసారి ఆపి అప్పుడు మంచం మీద అరగంట నడుం వాల్చనివ్వండి. బెల్టు సీట్లు ఆరు లేకపోతే ఆరుగురు పోకూడదు.

గ్యాస్: 14.2 కిలోల ఇంటి సిలిండర్ నిండుగా ఉంటే డబ్బాతో కలిపి 30 కిలోల దాకా తూగుతుంది, మీకు 5 కిలోల చిన్నది చాలు. నిలువుగా పెట్టి కట్టాలి, బండి తోలేటప్పుడు సిలిండర్ దగ్గరే ఆపేయాలి. ఎల్‌పీజీ గాలి కంటే బరువు, లీకైతే పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది, అందుకే సిలిండర్ అర అడుగున బయటికి రంధ్రం ఉండి తీరాలి, దాని మీద గోనెసంచులు, చెప్పులు వేసి మూసేయకండి. జాయింట్ల దగ్గర సబ్బు నురుగు రాసి చూడండి.

కొండ మీద నుంచి దిగేటప్పుడు, తిరుగు ప్రయాణంలో భాకరాపేట ఘాట్‌లో కూడా, ఎక్కిన గేరులోనే దిగమనండి. బ్రేకు మీదే కాలు పెట్టుకుని దిగితే అది కాలిపోయి పట్టు వదిలేస్తుంది.

ప్రశ్న: నా బండి టైర్లకి గుండీ (రోడ్డుని పట్టుకునే గాడుల మందం) బాగా ఉంది, ఏడాదిగా షెడ్డులోనే ఉంది. దూరం పోవచ్చా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: గుండీ చూసి నమ్మకండి. టైరు పక్కన డాట్ (DOT) అని ఉండే వరస చివర నాలుగు అంకెలు చూడండి, 2317 అని ఉంటే 2017లో 23వ వారం తయారైంది అని అర్థం, అంత పాతదైతే రబ్బరు ఎండిపోయి ఉంటుంది, మార్చేయండి. ఏడాది కదలకుండా నిలబడింది కాబట్టి పక్కల్లో సన్న పగుళ్లు ఉన్నాయేమో టార్చి వేసి వెతకండి. గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు పట్టించుకోండి. స్టెప్నీని మర్చిపోకండి.