కొడుకు చూసే యుద్ధం, తండ్రి చూసొచ్చిన యుద్ధం

ప్రశ్న: మావారు ఆర్మీలో, మరమ్మతులు చూసే ఈఎంఈ విభాగంలో వెహికల్ మెకానిక్‌గా 17 ఏళ్లు చేసి రెండేళ్ల క్రితం రిటైరయ్యారు. బాబుకి 14 ఏళ్లు, తొమ్మిదో తరగతి. ఖాళీ దొరికితే చాలు జపాన్ యుద్ధ యానిమేలే (అక్కడి కార్టూన్ సీరియళ్లు), అందులోనూ ‘అటాక్ ఆన్ టైటాన్’. ఆ పేలుళ్లు వినపడితే ఆయన బయటికెళ్లిపోతారు, లేదంటే టీవీ కట్టేసి కేకలేస్తారు. మొన్న భోజనం చేస్తుండగా బాబు ‘‘నాన్నా, నువ్వెంతమందిని చంపావు?’’ అన్నాడు. ఆయన కంచం వదిలేసి లేచిపోయారు. నాలుగు రోజులుగా ఇద్దరికీ మాటల్లేవు. ఇవి మాన్పించాలా? లేకపోతే ఏవి చూడనివ్వాలి?

జవాబు: మాన్పించకండి. టీవీలో ఆపితే ఫోన్‌లో, దుప్పటి కప్పుకుని చూస్తాడు. పైగా వాడికి తండ్రి ఉద్యోగం గురించి తెలుసుకునే దారి ఇప్పుడు ఇదొక్కటే. ఆ ప్రశ్న వాడు నొప్పించాలని అడగలేదు. తను చూసేవాటిలో గొప్పవాడంటే ఎక్కువమందిని పడగొట్టినవాడు, ఆ లెక్కనే నాన్నకీ పెట్టాడు. కాబట్టి ముందు మార్చాల్సింది వాడు చూసే కథల్ని, వాటిని వాడు ఒంటరిగా చూడడాన్ని.

ఈ రాత్రే బాబుని పక్కకి పిలిచి చెప్పండి: ‘‘నాన్న కోపం నీ మీద కాదు. ఆ ప్రశ్న మాత్రం ఎప్పుడూ ఎవరినీ అడక్కూడదు. చెప్పాలనిపిస్తే ఆయనే చెబుతారు.’’ అంతే చాలు, క్షమాపణ చెప్పమని తండ్రి ముందు నిలబెట్టకండి. నిలబెడితే ఇద్దరూ బిగుసుకుంటారు. ఇకనుంచి యుద్ధం సన్నివేశాలుంటే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, వాల్యూమ్ తగ్గించి చూడాలి. ఇది శిక్ష కాదు, తండ్రి చెవులకి వాడిచ్చే గౌరవం అని చెప్పండి.

‘అటాక్ ఆన్ టైటాన్’ 2013లో మొదలై 2023లో ముగిసింది. మొదటి ఎపిసోడ్‌లోనే ఎరెన్ అనే పిల్లాడి కళ్ల ముందే తల్లిని టైటాన్, అంటే మనుషుల్ని తినే భారీ రాక్షసాకారం, తినేస్తుంది. 14 ఏళ్లకి అది ఎక్కువే. కానీ ఇప్పటికే చాలావరకు చూసేసి ఉంటే మధ్యలో ఆపించడం ఇంకా నష్టం. మొదటి మూడు సీజన్లలో మనం, టైటాన్లు రాకుండా గోడ చాటున బతికే జనం వైపే ఉంటాం, ఎదుటివాళ్లు రాక్షసులు. నాలుగో సీజన్ సముద్రం అవతల మొదలవుతుంది. అక్కడ గాబీ అనే పన్నెండేళ్ల పిల్లకి చిన్నప్పటినుంచీ ఆ గోడ లోపలివాళ్లే రాక్షసులని నూరిపోసి ఉంటారు. అక్కడికి రాకుండా ఆగిపోయిన పిల్లలకి ద్వేషం ఒక్కటే మిగులుతుంది. వాడు ఏ సీజన్‌లో ఉన్నాడో కనుక్కోండి, నాలుగోది మాత్రం మీరు పక్కన కూర్చుని చూడండి.

దీనికన్నా ముందు వాడికి చూపించాల్సింది 1989లో వచ్చిన ‘గండమ్ 0080: వార్ ఇన్ ద పాకెట్’. ఆరే ఎపిసోడ్లు, మొత్తం కలిపి మూడు గంటలలోపే. గండమ్ పేరుతో అంతకుముందు వచ్చిన సిరీస్‌లేవీ చూడక్కర్లేదు. అల్ అనే బడిపిల్లాడు, అచ్చం మీ బాబులాగే యుద్ధమంటే పిచ్చి. కూలిపోయిన యుద్ధయంత్రం దగ్గర దొరికిన ఒక సైన్యపు సైనికుడు బెర్నీ దగ్గర్నుంచి హోదా బ్యాడ్జి సంపాదించి మురిసిపోతాడు. పక్కింట్లోనే క్రిస్ అనే అక్క ఉంటుంది, ఆమె అవతలి సైన్యం పైలట్. ఇక్కణ్నుంచి మీకు మాత్రమే చెబుతున్నాను, బాబుకి చెప్పకండి: ఆ ఇద్దరూ ఎవరితో తలపడుతున్నారో తెలియకుండానే తలపడతారు, బెర్నీ చనిపోతాడు. చివర్లో బడి ప్రార్థన సమావేశంలో అల్ వెక్కివెక్కి ఏడుస్తుంటే, స్నేహితులు యంత్రాలు వెళ్లిపోయినందుకే ఏడుస్తున్నాడనుకుని ‘త్వరలో ఇంకో యుద్ధం వస్తుందిలే, ఇంకా బాగుంటుంది’ అని ఓదారుస్తారు. అది అవగానే ‘చూశావా’ అని పాఠం మొదలుపెట్టకండి. టీవీ కట్టేసి పాలిచ్చి పడుకోబెట్టండి. రెండ్రోజుల్లో వాడే మాట్లాడతాడు.

తర్వాత, ఇంకో ఏడాది ఆగి, ‘ఎయిటీ సిక్స్’. 2021లో మొదలైంది, 23 ఎపిసోడ్లు. తమ యుద్ధంలో మనుషులెవరూ చావరని, అన్నీ మనుషుల్లేని యంత్రాలేనని ఒక దేశం జనానికి చెప్పుకుంటుంది. నిజానికి లోపల కూర్చునేది ఆ దేశం మనుషులుగా లెక్కపెట్టని పిల్లలు. లేనా అనే అధికారిణి రాజధానిలో గదిలో కూర్చుని గొంతుతోనే వాళ్లని నడిపిస్తుంది, వాళ్లని ప్రేమిస్తున్నాననే అనుకుంటుంది. ఒక అమ్మాయి చనిపోయిన రోజు అవతల్నుంచి ఒకడు ఆమెపై విరుచుకుపడతాడు, మా పేర్లు కూడా నువ్వెప్పుడూ అడగలేదని. ఆ తర్వాతే ఆమె ఒక్కొక్కరి పేరూ అడుగుతుంది. ఆ ఎపిసోడ్ చూశాక బాబుకి ఒక్క ప్రశ్న అందించండి, నాన్నని అడగడానికి: ‘‘యూనిట్లో నీ పక్క మంచం ఎవరిది?’’ చంపడం గురించి అడిగితే లేచిపోయే మనిషి, దీనికి జవాబు చెప్పే అవకాశం చాలా ఎక్కువ.

మీకోసం మీరు ‘వయొలెట్ ఎవర్‌గార్డెన్’ చూడండి. 2018, 13 ఎపిసోడ్లు. యుద్ధంలో రెండు చేతులూ పోగొట్టుకున్న ఒక అమ్మాయి, లోహపు చేతులతో ఇతరులకి ఉత్తరాలు రాసిపెట్టే పనిలో చేరుతుంది. తను చేసిన పనుల మంట తన ఒంటికి అంటుకునే ఉందని ఆమెకి చాలా ఆలస్యంగా తెలుస్తుంది. మీవారు కంచం వదిలి ఎందుకు లేచారో నేను వివరించడంకన్నా అది బాగా చెబుతుంది.

‘గ్రేవ్ ఆఫ్ ద ఫైర్‌ఫ్లైస్’ గొప్ప సినిమా, కానీ 1945 నాటి కోబే బాంబుదాడుల తర్వాత అన్నాచెల్లెళ్లు ఆకలితో కరిగిపోవడం చూడాలి. ఆ అన్న వయసు కూడా 14. ఇంట్లో మాటలు కలిసేదాకా వద్దు. ‘నౌ అండ్ దెన్, హియర్ అండ్ దేర్’లో బాలసైనికులతో పాటు లైంగిక హింస కూడా ఉంది, ఇప్పుడు అస్సలు వద్దు. ‘లెజెండ్ ఆఫ్ ద గెలాక్టిక్ హీరోస్’ 110 ఎపిసోడ్లు, పదో తరగతి పరీక్షలయ్యాకే.

సమయం సంగతి. ఎపిసోడ్ సుమారు 24 నిమిషాలు, ముందూ వెనకా పాటలు తీసేస్తే 21. రోజుకి ఒకటి, సెలవురోజు రెండు. ‘ఇదొక్కటే అమ్మా’ అనే పేచీ ఎందుకొస్తుందంటే, ప్రతి ఎపిసోడ్‌నీ ఉత్కంఠ దగ్గరే తెంచుతారు. అందుకని ఎపిసోడ్ చివర్లో కాకుండా తర్వాతిది ఐదు నిమిషాలు నడిచాక, ముడి విడిన చోట ఆపడం అలవాటు చేయండి. సెట్టింగ్స్‌లో తర్వాతి ఎపిసోడ్ దానంతటదే మొదలయ్యే ఆప్షన్ తీసేయండి. ఓటీటీల్లో యూ/ఏ 13+, యూ/ఏ 16+, ఏ అని వయసు గుర్తులుంటాయి. బాబు ప్రొఫైల్‌కి 16+ పైన తాళం వేసి, పిన్ మీ దగ్గర పెట్టుకోండి.

ఇక మీవారు. పేలుడు శబ్దానికి ఉలిక్కిపడడం, పీడకలలు, మనుషుల్ని తప్పించుకోవడం నెలకు మించి ఉంటే దాన్ని కోపిష్టితనం అనుకోకండి, చికిత్స ఉన్న బాధ అది. ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) కార్డు ఉంటే పాలీక్లినిక్‌కి వెళ్లి సైకియాట్రిస్టుకి రిఫరల్ అడగండి. అక్కడికి వెళ్లనంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఇంటినుంచే ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు. ఆయన ఒప్పుకోకపోతే ముందు మీరే చేసి, ఎలా కదపాలో అడగండి.

తండ్రీకొడుకుల్ని ఒకచోట కూర్చోబెట్టడానికి మాత్రం పై వాటిలో ఏదీ పనికిరాదు. ‘గర్ల్స్ ఉండ్ పాంజర్’ పెట్టండి, 12 ఎపిసోడ్లు. స్కూలు అమ్మాయిలు పాత ట్యాంకులతో ఆడే పోటీ, ఎవరూ చావరు. ట్యాంకులు మాత్రం రెండో ప్రపంచయుద్ధం నాటి నిజమైన నమూనాలు. మూలన పడి తుప్పుపట్టినవాటిని వెతికి తెచ్చి, స్కూలు ఆటోమొబైల్ క్లబ్ పిల్లలు బాగుచేస్తారు. శబ్దం తగ్గించి పెట్టండి, ఆయన్ని పిలవకండి, హాల్లోంచి అటూఇటూ తిరగనివ్వండి. ట్యాంకు ట్రాక్ (చక్రాల చుట్టూ తిరిగే ఇనుప పట్టీ) ఊడిపోయిన సన్నివేశం వచ్చినప్పుడు బాబు పాజ్ చేసి, ‘‘నాన్నా, ఇది మళ్లీ ఎలా ఎక్కిస్తారు?’’ అని అడగాలి.