గోల్ ముందు నేల బండబారితే

ప్రశ్న: మా హైస్కూలు మైదానంలో గరిక పెంచాం. ఫుట్‌బాల్ గోల్ ముందు మాత్రం నేల బండబారింది, వాన పడితే రెండు రోజులు నీళ్లు నిలుస్తున్నాయి. ఇసుక తోలించి రోలరు తిప్పమంటున్నారు. సరేనా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: రోలరు వద్దు. అణిగిన నేలను ఇంకా అణచడమే అవుతుంది. తడిపిన మర్నాడు పొడుగు స్క్రూడ్రైవరు చేత్తో గుచ్చి చూడండి. వేలెడు లోతులోనే ఆగిపోతే గరిక వేళ్లకు గాలి అందడం లేదన్నమాట. పారతో ఒక గడ్డ పెళ్లగించి వాసన చూడండి, మురిగిన కోడిగుడ్డు కంపు కొడితే నీరు ఇంకక చాలాకాలమైనట్టే.

గాలి, నీరు లోపలికి దిగాలంటే నేలకు రంధ్రాలు చేయాలి. గడ్డపారతో పొడిస్తే రంధ్రం పడుతుంది గానీ మట్టి పక్కలకు నొక్కుకుని గోడలు గట్టిపడతాయి. మట్టి బయటికి రావాలి. వెల్డింగు షాపులో అరంగుళం జీఐ (జింకు పూత ఇనుప) పైపు ముక్కలు మూడింటిని అడ్డపట్టీకి అతికించి, కింది అంచు పదును పెట్టించి, మట్టి జారిపోయేలా పక్కన చీలిక తీయించండి. గోల్ ముందరి కాస్త జాగాకు యంత్రం అద్దెకు తేనక్కర్లేదు. కాలితో 8–10 సెంటీమీటర్లు దించండి, రంధ్రానికీ రంధ్రానికీ 5–7 సెంటీమీటర్ల ఎడం చాలు. ముందురోజు తడిపి, నేల తగిన తేమలో ఉన్నప్పుడే చేయాలి. బురదలో దించితే లోపలి గోడ మెత్తి మూసుకుంటుంది.

గరిక ఊపు మీదుండే జూన్ చివరి నుంచి ఆగస్టు దాకా అదను. అక్టోబరు తర్వాత ముసుర్లలో ఈ పని పెట్టుకోకండి.

బయటపడ్డ మట్టి బిళ్లలను పారేయకండి. నేలలోని జీవం వాటిలోనూ ఉంది. సగం ఆరాక పళ్లపారతో చిదిమి అక్కడే సర్దండి. ఆపైన కడిగిన ముతక ఇసుక ఏడు పాళ్లు, జల్లించిన బాగా మాగిన పశువుల ఎరువు మూడు పాళ్లు కలిపి 3 మిల్లీమీటర్ల మందాన పరిచి, చీపురుతో రంధ్రాల్లోకి ఊడ్చండి. వంద చదరపు మీటర్లకు సుమారు 300 లీటర్లు, అంటే సిమెంటు సంచులతో ఎనిమిది తొమ్మిది. గరిక కొసలు పైకి కనబడాలి. ఇసుకను సీసా నీళ్లలో ఊపి చూడండి, పైన మందంగా ఒండ్రు పేరితే అది పనికిరాదు, రంధ్రాలు పూడ్చేస్తుంది. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే నేల గుల్లబారడానికి జిప్సం వేయమంటారు, మట్టి పరీక్ష చేయించాకే వేయండి.

రెండు వారాలు ఆటలు ఆపాలి. పిల్లలు వింటారా అంటే, గోల్ స్తంభాలను పక్కకు జరపడమే మార్గం. వచ్చే ఏడు లోతు మార్చండి. ఏటా ఒకే లోతున దించితే పైపు మొనలు తగిలే చోటే కొత్త గట్టి పొర కడుతుంది.