12 వారాల జిమ్ ప్రోగ్రామా, రోజువారీ అలవాట్లా? పొట్ట తగ్గాలంటే ముందు ఏది?

మీ ప్రశ్నలో చెప్పిన వివరాలివి: వయసు 33, బరువు 84 కిలోలు, బెంగళూరులో బెళ్ళందూరు దగ్గర ఐటీ ఉద్యోగం, వారానికి మూడు రోజులు ఆఫీసు, ఇంట్లో వంటమనిషి. దగ్గర్లోని జిమ్ వాళ్ళు 12 వారాల ట్రాన్స్‌ఫర్మేషన్ ప్యాకేజీకి 24,000 రూపాయలు అడిగారు. అందులో చేరాలా, లేక నడక, తిండి సరిచేసుకుంటే చాలా అని అడిగారు.

కొవ్వు తగ్గడం వరకే అయితే ముందు వంటిల్లు, రాకపోకలు, నిద్ర చూసుకోండి. జిమ్ కూడా కావాలి, కానీ దాని పని వేరు. ఆ డబ్బు ఇప్పుడే కట్టకండి.

మాది నెల్లూరు. బెంగళూరు వచ్చి పదేళ్ళు దాటింది. ఉండేది కె.ఆర్.పురంలో, నా ఆఫీసు వైట్‌ఫీల్డ్ వైపు ఐటీపీఎల్ టెక్ పార్కు దగ్గర. రెండో కాన్పు తర్వాత బరువు పెరిగి, ఇలాంటి ప్రోగ్రామ్‌లోనే చేరాను. ట్రైనర్ చాలా ఓపికగా స్క్వాట్లు, డెడ్‌లిఫ్ట్ లాంటి బరువుల వ్యాయామాలు నేర్పించాడు. ఏళ్ళ తరబడి వేధించిన నడుం నొప్పి పోయింది. 25 కిలోల బియ్యం బస్తా ఎత్తి డ్రమ్ములో పోసుకోవడం సులువైంది. అందుకే ఇప్పటికీ వారానికి రెండు రోజులు బరువులు ఎత్తుతాను. కానీ ప్రోగ్రామ్ నడిచినన్నాళ్ళూ తూకం కిలో అటూ ఇటూ తిరిగింది తప్ప నడుం కొలత కదల్లేదు.

కారణం ఫోన్‌లో అడుగుల లెక్క చూశాక అర్థమైంది. జిమ్‌కి వెళ్ళిన రోజుల్లో నా అడుగులు మామూలు రోజులకంటే తక్కువగా ఉన్నాయి. పొద్దున గంటసేపు కష్టపడ్డాక శరీరం మిగతా రోజంతా కుర్చీ వెతుక్కునేది. మంచినీళ్ళ గ్లాసు కూడా పిల్లల చేత తెప్పించుకునేదాన్ని. ఆకలీ ఎక్కువయ్యేది. ఇది నాకొక్కదానికే ఉన్న గుణం కాదు, చాలామందిలో ఇలాగే జరుగుతుంది.

లెక్క వేసి చూడండి. మీ బరువున్న మనిషి గంటసేపు మామూలుగా బరువులు ఎత్తితే, ఊరికే కూర్చున్నదానికంటే అదనంగా ఖర్చయ్యేది సుమారు 200 నుంచి 300 క్యాలరీలు. వారానికి నాలుగు రోజులు వెళ్తే రోజుకు సగటున 115 నుంచి 170. కిలో కొవ్వులో దాదాపు 7,700 క్యాలరీలుంటాయి, అంటే ఈ లెక్కన కిలో కరగడానికే నెలన్నర నుంచి రెండు నెలల పైన. పైగా సాయంత్రం దర్శినిలో (నిలబడి తినే టిఫిన్ హోటల్లో) ఒక ప్లేటు వడ తింటే ఆ రోజు ఖర్చు తిరిగొచ్చేస్తుంది.

అమెరికాలో మేయో క్లినిక్‌కి చెందిన జేమ్స్ లెవిన్ బృందం 1999లో ఒక ప్రయోగం చేసింది. 16 మందికి ఎనిమిది వారాలపాటు రోజూ అవసరం కంటే 1,000 క్యాలరీలు ఎక్కువ తినిపించారు. ఒకరికి అర కిలో కూడా కొవ్వు పట్టలేదు, మరొకరికి నాలుగు కిలోలు దాటింది. తేడాకి కారణం వ్యాయామం కాదు. లేవడం, నిలబడటం, అటూ ఇటూ తిరగడం లాంటి చిన్న కదలికలు కొందరిలో వాటంతటవే పెరిగాయి. 2005లో అదే బృందం మరో సంగతి చూపించింది. స్థూలకాయులు సన్నగా ఉన్నవాళ్ళకంటే రోజుకు రెండు గంటలకు పైగా ఎక్కువసేపు కూర్చుంటున్నారు. సన్నవాళ్ళలా తిరిగితే రోజుకు 350 క్యాలరీల దాకా ఖర్చు కావచ్చు. అయితే ఈ కూర్చునే తీరు కొంత పుట్టుకతో వచ్చేదే, బరువు మారినా అది పెద్దగా మారలేదు. అందుకే ‘రేపటి నుంచి ఎక్కువ తిరుగుతా’ అనుకుంటే అది నిలవదు. తిరగక తప్పని ఏర్పాటు ఉండాలి.

నాకు ఆ ఏర్పాటు మెట్రోతో వచ్చింది. 2023 మార్చిలో కె.ఆర్.పురం నుంచి వైట్‌ఫీల్డ్‌కి రైలు మొదలైంది. అంతకుముందు క్యాబ్ మా గేటు ముందు ఎక్కించుకుని ఆఫీసు లిఫ్టు దగ్గర దింపేది. ఇప్పుడు ఇంటి నుంచి స్టేషన్‌కి పావుగంట నడక, పైకి మెట్లు, రైల్లో సగం రోజులు నిలబడటమే, పట్టందూరు అగ్రహారంలో దిగాక మళ్ళీ నడక. సాయంత్రం ఇదంతా ఇంకోసారి. వ్యాయామం చేస్తున్నాననే ఆలోచనే లేకుండా అడుగులు మూడు వేల చిల్లర నుంచి ఏడు వేల దగ్గరికి చేరాయి. (పది వేలు తప్పనిసరి అనే టెన్షన్ పెట్టుకోకండి. ఆ అంకె 1960లలో జపాన్‌లో ఒక అడుగుల మీటరు ప్రచారంతో వచ్చింది, వైద్యులు కట్టిన లెక్క కాదు.) మీ దారిలో మెట్రో కుదరకపోతే, మాట్లాడటం మాత్రమే ఉండే కాల్స్ అన్నీ అపార్ట్‌మెంట్ కారిడార్‌లో నడుస్తూ మాట్లాడండి. సర్జాపుర రోడ్డు వైపు అయితే కైకొండ్రహళ్ళి చెరువు చుట్టూ మంచి నడకదారి ఉంది.

అసలు తేడా వచ్చింది మాత్రం నూనెతో. మా ఇంట్లో పెద్దవాళ్ళం ముగ్గురం: నేను, మావారు, అత్తయ్య. లీటరు నూనె ప్యాకెట్ కత్తిరించి స్టీలు డబ్బాలో పోసిన ప్రతిసారీ వంటింటి క్యాలెండర్ మీద ఆ తేదీ చుట్టూ పెన్నుతో సున్నా చుట్టడం మొదలుపెట్టాను. నెల తిరిగేసరికి అయిదు సున్నాలు. అంటే అయిదు లీటర్లు. ఎవరం తిండిపోతులం కాదు, ఇంట్లో జంక్ ఫుడ్డూ లేదు. బెండకాయ వేపుడు, దొండకాయ వేపుడు, వంకాయ, పొద్దున దోసెలు, అంతే.

మా వంటామెతో కూర్చుని మాట్లాడాను. ‘నూనె తగ్గిస్తే ముక్క మాడిపోద్దక్కా’ అంది. ఆమె మాటా నిజమే. అందుకని పద్ధతి మార్చాం. ముక్కల మీద ఉప్పు, కాసిని నీళ్ళు చిలకరించి మూతపెట్టి మగ్గించడం, నీరు ఇగిరాక స్పూనుతో కొలిచిన నూనె వేసి చివర్లో వేయించడం. వేపుడు వారానికి రెండుసార్లే, మిగతా రోజులు పులుసు, పప్పుకూర. దోసె పెనానికి సగం కోసిన ఉల్లిపాయ నూనెలో ముంచి రుద్దితే చాలు. కొన్నాళ్ళకి నెలకి మూడు సున్నాల దగ్గర ఆగింది. రెండు లీటర్ల నూనెలో దాదాపు 16,500 క్యాలరీలు. ముగ్గురికి పంచితే మనిషికి నెలకి 5,500, అంటే రోజుకు 180 పైనే. కాగితం మీద ఇది నెలకి 700 గ్రాముల కొవ్వు. శరీరం కాగితం లెక్క ప్రకారం నడవదు, బాణలికి అంటుకునేదీ కొంత ఉంటుంది. అయినా ఆ ఏడాదిలోనే నా చుడీదార్లు వదులై కుట్లు వేయించుకోవాల్సి వచ్చింది. జిమ్ ముఖం చూడని మావారి బెల్టు రెండు రంధ్రాలు లోపలికి జరిగింది.

కాఫీ సంగతి చిన్నదే. రోజుకు నాలుగు కాఫీలు, ఒక్కోదానికి రెండు స్పూన్ల చక్కెర అంటే 40 గ్రాములు, 160 క్యాలరీలు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం చక్కెర రోజుకు 25 గ్రాములు దాటకూడదు. రెండు స్పూన్ల నుంచి ఒకటికి, ఆ తర్వాత అర స్పూనుకి మెల్లగా రండి.

మీకు రాత్రి అమెరికా కాల్స్ ఉంటే నిద్రని తేలిగ్గా తీసుకోకండి. షికాగో విశ్వవిద్యాలయంలో 2010లో జరిగిన ఒక చిన్న అధ్యయనంలో తక్కువ తింటున్నవాళ్ళని ఎనిమిదిన్నర గంటలు, అయిదున్నర గంటలు పడుకోబెట్టి పోల్చారు. తూకం రెండుసార్లూ దాదాపు ఒకేలా తగ్గింది కానీ, నిద్ర తగ్గినప్పుడు పోయిన కొవ్వు సగానికంటే తక్కువ. పోయిన బరువులో మిగతాది ఎక్కువగా కండ లాంటి కొవ్వు కాని భాగం.

జిమ్ ఎందుకంటే ఆ కండ కోసమే. తిండి మాత్రమే తగ్గించుకుంటే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. వారానికి కనీసం రెండు రోజులు కండరాలకి పని చెప్పమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాబట్టి నూనె, నడక నెల రోజులు కుదురుకున్నాక నెలవారీ ఫీజు తీసుకునే మామూలు జిమ్‌లో చేరండి. 12 వారాల ప్యాకేజీతో నా అభ్యంతరం ఒక్కటే: 13వ వారం ఏం చేయాలో అందులో ఉండదు. ప్రోటీన్ డబ్బా కూడా అంటగట్టాలని చూస్తే వద్దనండి. పెసరట్టు, గుడ్లు, పప్పు, పెరుగు మన ఇంట్లోనే ఉన్నాయి. బీపీ, షుగర్, మోకాళ్ళ నొప్పి ఉంటే ముందు డాక్టర్‌కి చూపించుకోండి.

తూకం కంటే టేపుని నమ్మండి. మన దేశంలో మగవాళ్ళకి నడుం చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటితే ప్రమాదం కింద లెక్క. వారానికోసారి పొద్దున ఏమీ తినకముందు, ఊపిరి వదిలి కొలవండి. రెండు నెలల తర్వాత కూడా కొలత కదలకపోతే శని, ఆదివారాల్లో ఏమేం తింటున్నారో, ఆర్డర్లతో సహా ఇక్కడ రాయండి. నేను మొదట చూసేది అదే.