పెన్సిల్వేనియాలో ఏ చర్చికి వెళ్లాలి: గుంటూరు లూథరన్‌గా నా అనుభవం

చెల్లెమ్మా, వందనాలు. గుంటూరు లూథరన్ సంఘంలో పెరిగాను, మావారి ఉద్యోగం వల్ల పెన్సిల్వేనియా వెళ్తున్నాం, అక్కడ ఇన్ని రకాల చర్చిలు చూస్తే భయమేస్తోంది అని రాశారు. తొమ్మిదేళ్ల క్రితం నాదీ ఇదే టెన్షన్.

బోర్డు మీద లూథరన్ అని ఉంటే చాలనుకుని మొదటి ఆదివారమే ఒక చర్చికి వెళ్లాను. ఆరాధన క్రమం అచ్చం మనదే. తీరా ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ఆచారం) దగ్గరికి లేచేసరికి, ముందు పాస్టరుగారితో మాట్లాడాలమ్మా అని ఆపేశారు. ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను. అక్కడ లూథరన్లలోనే వేర్వేరు శాఖలున్నాయని తర్వాత తెలిసింది. మిస్సోరి సినడ్ (సినడ్ అంటే సంఘాల కూటమి) వాళ్లు తమ బోధకు ఒప్పుకున్నవారికే బల్ల ఇస్తారు, స్త్రీలకు పాస్టరు అభిషేకం ఇవ్వరు. ఇ.ఎల్.సి.ఎ. (ఎవాంజెలికల్ లూథరన్ చర్చి ఇన్ అమెరికా) అనే మరో శాఖ సంఘాల్లో స్త్రీలు కూడా కాపరులుగా ఉంటారు. మన ఏ.ఇ.ఎల్.సి. (ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ చర్చి) లాగే అదీ ప్రపంచ లూథరన్ సమాఖ్యలో ఉంది. కాబట్టి వెళ్లేముందు ఫోన్ చేసి, మీది ఏ సినడ్, బయటివాళ్లు బల్లలో పాల్గొనవచ్చా అని అడగండి. మొహమాటపడకండి, వాళ్లేమీ అనుకోరు.

ఇన్ని శాఖలు ఎందుకున్నాయంటే, 1681లో ఆ నేలను రాజు దగ్గర పొందిన విలియం పెన్ క్వేకరు అనే క్రైస్తవ శాఖవాడు. మతం కోసం హింసలు పడినవాళ్లను రమ్మన్నాడు. అలా జర్మన్ మాట్లాడే మెన్నోనైట్లు, ఆమిష్ వాళ్లు అనే క్రైస్తవ శాఖలవాళ్లు వచ్చారు, 1741లో మొరేవియన్లు అనే మరో శాఖవాళ్లు బెత్లెహేము ఊరు కట్టుకున్నారు. లాంకాస్టర్ వైపు ఆమిష్ వాళ్ల గుర్రపు బండ్లు కనిపిస్తాయి కానీ వాళ్ల చర్చి కోసం వెతక్కండి. వాళ్లు వారం విడిచి వారం ఒకరింట్లో కూడుకుంటారు. క్వేకర్ల కూడికలో ఒకసారి కూర్చున్నాను. పాస్టరు లేరు, పాట లేదు, అంతా మౌనం. పాటలతో పెరిగిన నాకు కష్టమైంది.

ఫిలడెల్ఫియాలో మదర్ బెతెల్ చర్చికి మాత్రం తప్పకుండా వెళ్లండి. తెల్లవాళ్ల చేతిలో ఉన్న ఒక మెథడిస్టు చర్చిలో, మోకాళ్ల మీద ప్రార్థిస్తున్న నల్లవారిని మధ్యలోనే లేపేశారు. ఒకప్పుడు బానిసగా బతికిన రిచర్డ్ అలెన్, తోటివారితో కలిసి బయటికి నడిచి, 1794లో ఈ సంఘం స్థాపించాడు. ఆ చర్చి బెంచీల మీద కూర్చుంటే ఊరికి దూరంగా నెట్టేసిన మన పేటలూ, అక్కడ మన తాతలు కట్టుకున్న గుడులూ గుర్తొచ్చాయి. ఆ దేశంలో పరాయిదాన్ని కాననిపించింది అక్కడే.

నిజానికి మన సంఘానికి పుట్టినిల్లు ఆ రాష్ట్రమే. 1842లో గుంటూరు వచ్చిన ఫాదర్ హయ్యర్ అనే మిషనరీని పంపింది పెన్సిల్వేనియా లూథరన్లు. నేను పుట్టింది కుగ్లర్ ఆసుపత్రిలో. దాన్ని స్థాపించిన డాక్టరమ్మ అన్నా కుగ్లర్ సొంతూరు ఆర్డ్‌మోర్, ఫిలడెల్ఫియా పక్కనే.

హయ్యర్ గారి సమాధి సోమర్సెట్ కౌంటీలో ఫ్రీడెన్స్ అనే చిన్న ఊళ్లో ఉంది. ఫిలడెల్ఫియా నుంచి దూరమే, అయినా పిల్లల్ని తీసుకుని ఒకసారి వెళ్లి రండి. మేం వెళ్లినప్పుడు మా అమ్మ అక్కడ నిలబడి తెలుగులోనే ప్రార్థన చేసింది.