వలస కుటుంబాల సంఘంలో కాపరి ఓటు గురించి మాట్లాడవచ్చా?

వలస వచ్చినవారే ఎక్కువగా ఉన్న క్రైస్తవ సంఘంలో కాపరి (పాస్టరు) ఓటు నమోదు గురించి చెప్పడం సబబేనా, అది రాజకీయం కిందికి రాదా అని మీరు అడిగారు. కూకట్‌పల్లి వైపున్న మా సంఘంలో ఈ పనిని దగ్గరనుంచి చూసినవాడిగా నా అభిప్రాయం: సబబే, అయితే ప్రసంగంతో ఆగిపోతే ఒరిగేదేమీ ఉండదు.

మావారిలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి కట్టుబడి పనులకు వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. మురుగు పొంగినా, నల్లా నీళ్లు రాకపోయినా అవస్థ ఇక్కడ, ఓటు మాత్రం ఊళ్లో. 2024 మే 13న రెండు రాష్ట్రాలలోనూ ఒకే రోజు పోలింగ్ జరిగినప్పుడు మా మందిరం వీధి సగం ఖాళీ అయింది. ఊళ్లో ఓటు తీసేస్తే రేషన్ కార్డు, ఇంటి స్థలం కూడా పోతాయన్న భయం వారిది. అలా ఏమీ పోవని అధికారి చెబితే నమ్మనివారు కాపరి చెబితే నమ్మారు.

ఆరాధన తర్వాత ప్రకటనల సమయంలో ఆయన చెప్పింది ఒక్కటే: ఓటు ఒకే చోట, నివసించే చోట ఉండాలి. ఆ వెంటనే యువకులు వెనక వరుసలో కూర్చొని, ఒక్కొక్కరి ఓటరు కార్డు చూస్తూ ఫోన్లలో ఫారం-8 నింపారు. నివాసం మారినవారికి 2022 ఆగస్టు నుంచి అదే ఫారం. తెలియక కొత్త ఓటరుగా ఫారం-6 పెట్టుకుంటే పేరు రెండు చోట్లా నిలిచిపోయే ప్రమాదం ఉంది, దానిని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఒప్పుకోదు. అసలు చిక్కు చిరునామా రుజువు దగ్గర వచ్చింది. ఆధార్‌లో ఊరి చిరునామా, కరెంటు బిల్లు యజమాని పేరిట. అద్దె కాగితం రాసిస్తే రేపు ఇల్లు తమదే అంటారేమోనని యజమానుల అనుమానం. (నెలనెలా అద్దె తీసుకోవడానికి మాత్రం ఏ అనుమానమూ ఉండదు.) కాపరి స్వయంగా వారి గుమ్మాలకు వెళ్లి మాట్లాడితే కొందరు ఒప్పుకున్నారు, కొందరు ఒప్పుకోలేదు.

ఇక హద్దు విషయం. మత సంస్థల ఆవరణను రాజకీయ ప్రచారానికి వాడకూడదని 1988 నాటి చట్టం ఉంది. మతం పేరు చెప్పి ఓటు అడగడం ఎన్నికల అక్రమమేనని 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీ తీర్పు ఇచ్చింది. ఒక అభ్యర్థి మనుషులు వచ్చి అయిదు నిమిషాలు అడిగితే, మా కాపరి “ప్రార్థనకు కూర్చోండి, మైకు మాత్రం ఇవ్వలేను” అన్నారు. మీ కాపరి కూడా పార్టీ పేరు ఎత్తనంతవరకు అభ్యంతరం పెట్టనక్కర్లేదు. ఫారాలు నింపే మనుషులను ఏర్పాటు చేశారో లేదో మాత్రం అడగండి.