నెదర్లాండ్స్‌లో నాజీలు యూదులను బంధించిన వెస్టర్‌బోర్క్ శిబిరంలో ఆసుపత్రి, బడి కూడా ఉండేవట. మరి దాన్ని మృత్యు శిబిరాలతో కలిపి ఎందుకు చెబుతారు?

నేను నెదర్లాండ్స్‌లో ఉంటాను, ఆ చోటు చూశాను కాబట్టి రాస్తున్నాను. మీరు విన్నది నిజమే. అక్కడ గ్యాస్ చాంబర్లు లేవు. పెద్ద ఆసుపత్రి, బడి, ఆఖరికి నాటక ప్రదర్శనలు కూడా ఉండేవి. కానీ అవన్నీ చివరికి జనం గొడవ చేయకుండా రైలెక్కడానికే పనికొచ్చాయి.

జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన యూదుల కోసం 1939లో డచ్ ప్రభుత్వమే దాన్ని కట్టించింది. 1942 జూలైలో అది జర్మన్ల చేతికి పోయింది. అప్పటి నుంచి 1944 సెప్టెంబర్ దాకా దాదాపు 1,07,000 మందిని అక్కడి నుంచి పంపేశారు, ఎక్కువగా ఆక్రమిత పోలండ్‌లోని మృత్యు శిబిరాలైన ఆష్విట్జ్‌కు, సోబిబోర్‌కు. తిరిగొచ్చినవాళ్లు సుమారు 5,000.

చాలాకాలం రైలు మంగళవారం బయల్దేరేది. ముందు రాత్రి బ్యారక్‌లలో పేర్లు చదివేవారు. ఎంతమంది కావాలో జర్మన్లు చెప్పేవారు, ఎవరెవరన్న జాబితా మాత్రం శిబిరంలోని యూదు సిబ్బంది చేతే రాయించేవారు. నాకు అన్నిటికన్నా ఘోరంగా అనిపించింది ఇదే. పేరు రాకపోతే ఇంకో వారం బతికినట్టు. అందుకే రైలెక్కకుండా ఆపే మినహాయింపు ముద్ర కోసం, ఏదో ఒక పని కోసం అందరూ నానా తంటాలు పడేవారు. ఆ ముద్రలూ ఎప్పుడు రద్దవుతాయో తెలియదు.

ఆసుపత్రి గురించి అడిగారు కదా. నెలలు నిండకుండా పుట్టిన ఒక పసివాడి కోసం శిబిరాన్ని నడిపిన జర్మన్ కమాండెంట్ గెమ్మెకర్ బయటి నుంచి ఇంక్యుబేటర్ తెప్పించాడు. బిడ్డ కోలుకుని బరువు పెరగగానే రైలెక్కించారు.

ఇప్పుడు అక్కడ బ్యారక్‌లు దాదాపు మిగల్లేదు. హాజరు తీసుకున్న మైదానంలో 1,02,000 చిన్న రాళ్లు నిలబెట్టారు, చనిపోయిన ఒక్కొక్కరికీ ఒకటి. ఎత్తులు వేరువేరు. చాలావాటి మీద నక్షత్రం ఉంటుంది. కొన్నిటి మీద మాత్రం మంట గుర్తు. అవి సింతి, రోమా (జిప్సీలని పిలిచేవారు) ప్రజలవి. 1944 మే 19న వాళ్లలో 245 మందిని ఒకే రైల్లో ఆష్విట్జ్‌కు పంపారు. వంగి వెతికితే తప్ప ఆ రాళ్లు కనిపించవు, వెళ్తే తప్పకుండా వెతకండి.

ఆ రైళ్లు వెళ్లే తూర్పున ఏం జరుగుతుందో తనకు తెలియదని గెమ్మెకర్ యుద్ధం తర్వాత వాదించాడు. నేను నమ్మను. మంచం దిగలేని ముసలివాళ్లను, చంటిపిల్లలను పనికి పంపుతున్నామని ఎవరనుకుంటారు? అతనికి 10 ఏళ్ల శిక్ష పడింది. 1951లోనే బయటికొచ్చాడు.